తూము బిరడా నుంచి నల్లా మూత దాకా: ఓరుగల్లు సీమలో నీటి దారిని మూసే విద్య

తెలంగాణ చెరువుల చరిత్రలో కట్టకు, దానిని కట్టించిన రాజుకు, దాని కింద పండిన మాగాణికి దక్కిన స్థానం సాధారణంగా తూముకు దక్కలేదు. తూమును గురించి రాసిన చోట కూడా నీరు ఎట్లా పారిందన్న వివరణే ఎక్కువ గాని, ఆ నీరు ఎట్లా ఆగిందన్న విచారణ తక్కువ. నిజానికి చెరువును చెరువుగా నిలిపేది ఆ ఆపుదలే. ఎంత బలమైన కట్టలోనైనా కావాలని వదిలిపెట్టిన కంత ఒకటి ఉంటుంది, అదే తూము. అవసరం తీరిన తరువాత ఆ కంతను ఎవరు, దేనితో, ఏ వైపు నుంచి మూస్తారన్న దానిమీదనే మరుసటి పంటకు నీరు మిగలడమూ, కట్ట తెగకుండా ఉండడమూ ఆధారపడి ఉంటాయి. నేడు ఇంట్లో వాడకం ఆగిపోయిన వాషింగ్ మెషిన్ నల్లాను భద్రంగా ఎట్లా మూయాలన్న చిన్న ప్రశ్నలో కూడా ఉన్నది ఇదే విద్య, ఇదే ప్రమాదం.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా నుంచి విడివడి ఏర్పడ్డాయి. మూడింటి నేల ఒక్క తీరుది కాదు: జనగామ పెద్ద నది ఏదీ లేని మెట్ట పీఠభూమి, స్థానికులు మానుకోట అని పిలిచే మహబూబాబాద్ ఆకేరు, మున్నేరు వంటి ఏరులు పారే ప్రాంతం, భూపాలపల్లి గోదావరి ఒడ్డు దాకా సాగిన అడవుల, బొగ్గుగనుల సీమ. ఈ మూడింటినీ ఒక్కటిగా కలిపిన ఏర్పాటు గొలుసుకట్టు చెరువులది. ఎగువ చెరువు నిండిన తరువాత మిగులు నీరు మత్తడి మీదుగా, అనగా కట్టకు ఒక పక్కన పొర్లుదల కోసం కట్టిన రాతి కట్టడం మీదుగా దూకి, దిగువ చెరువును చేరేలా అమర్చిన వరుసను గొలుసుకట్టు అంటారు. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు శాసనం కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ ధర్మకీర్తి సముద్రమనే చెరువును కట్టించిన సంగతిని నమోదు చేయడమే గాక, కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్యమైన ఆధారాలలో ఒకటిగా నిలిచింది. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లకు చేరువలో గణపసముద్రం ఉన్నది. ఈ జిల్లాల సరిహద్దులకు కొద్ది దూరంలోనే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఉన్నాయి. 1199 నుంచి 1262 వరకు సాగిన గణపతిదేవుని పాలనలో ఈ సీమలో చెరువు కట్టించడం రాజధర్మంగా మాత్రమే గాక సామంతుల, సేనానుల, రాజకుటుంబపు స్త్రీల పుణ్యకార్యంగా కూడా ఎంత విస్తరించిందో ఈ పేర్లే చెబుతాయి.

ఇటువంటి చెరువులలోని పాత తూము నిర్మాణాన్ని కొంత నిదానంగా చూడడం అవసరం. కట్టకు లోపలి వైపున, నీటిలో, రెండు నిలువు రాతి స్తంభాలు నిలబెట్టి వాటిని అడ్డంగా రాతి దూలాలతో కలుపుతారు. నీరు దిగినప్పుడు చెరువులో తోరణంలాగా కనిపించేది ఇదే. ఆ స్తంభాల పాదాల వద్ద రాతిపలకలతో పేర్చిన తొట్టి ఉంటుంది, తొట్టి పైకప్పుగా పరచిన బండలో గుండ్రని కంత తొలుస్తారు. ఆ కంతలోకి దిగిన నీరు తొట్టిలో పడి, అక్కడి నుంచి కట్ట అడుగున రాళ్లతోనో, ఇటుక, సున్నంతోనో కట్టిన కాలువ గుండా బయటి వైపుకు వచ్చి పంటకాలువలో కలుస్తుంది. కంతను మూసేది బిరడా: కింది వైపు సన్నగా, పైవైపు లావుగా చెక్కిన గట్టి కొయ్యముక్కను పొడవైన గడకు బిగించి, ఆ గడను అడ్డదూలాలలోని రంధ్రాల గుండా పైకి తీస్తారు. గడను ఎత్తితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. సగం ఎత్తి గడకున్న బెజ్జంలో చీల దూర్చితే సగమే పారుతుంది.

ఈ నిర్మాణంలోని తెలివి పైకి కనిపించదు. నీటి ఒత్తిడి నీటి పరిమాణాన్ని బట్టి గాక లోతును బట్టి ఉంటుంది. పది మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. చెరువులో ఆరు మీటర్ల నీరు నిలిచి ఉన్నప్పుడు, ఇరవై సెంటీమీటర్ల వ్యాసం గల కంత మీద కూర్చున్న బిరడాను సుమారు 190 కిలోల బలం పైనుంచి అదిమి పడుతుంది. అనగా చెరువు నిండిన కొద్దీ మూత మరింత బిగుస్తుందే గాని సడలదు. తనను ఆపుతున్న బిరడాను నీరే తన బరువుతో కంతలోకి నొక్కుతుంది. పాత శిల్పులు మూతను కట్ట బయటి వైపు గాక లోపలి వైపు, నీరున్న వైపు పెట్టడానికి కారణం ఇదే. బయట మూసి ఉంటే కట్ట పొట్టలో ఉన్న కాలువంతా ఎప్పుడూ ఒత్తిడితో నిండి ఉండి, రాళ్ల సందుల గుండా మట్టిలోకి నీటిని ఊరించేది. అయితే అదే బలం తెరిచేటప్పుడు ఎదురు తిరుగుతుంది గనుక, లోతైన చెరువులలో ఒకే పెద్ద కంతకు బదులు వేరువేరు ఎత్తులలో చిన్న కంతలు పెట్టి, నీరు దిగిన కొద్దీ పై నుంచి కిందికి ఒక్కొక్కటే తెరిచే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. సింహళ ద్వీపపు పురాతన చెరువులలో కట్ట లోపలి వైపునే నీటిని అదుపు చేయడానికి కట్టిన చతురస్రపు రాతి గదులను బిసోకొటువ అంటారు; అక్కడ నీటిపారుదల ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ పార్కర్ 1909లో వెలువరించిన గ్రంథంలో వాటిని ప్రాచీన కవాటాలుగా గుర్తించాడు. ఓరుగల్లు సీమ తూములకు అంతటి శ్రద్ధతో రాసిన వర్ణన ఆ కాలంలో దక్కకపోవడం విచారించదగిన విషయం.

బిరడా ఎంత చక్కగా చెక్కినా కొయ్యకూ రాతికీ మధ్య సందు మిగులుతుంది, ఆ సందును మూసేది మనిషి. తూములు తెరవడం, మూయడం, పొలాలకు వంతు ప్రకారం నీరు పారించడం, వానాకాలంలో కట్ట మీద కాపలా ఉండడం నీరటి పని. తెలంగాణ గ్రామసేవకులలో మస్కూరి, కావలికారు, సుంకరి వంటివారితో పాటు లెక్కించదగిన వంశపారంపర్య వృత్తి ఇది. ఈ పని చేసిన కుటుంబాలలో అధికభాగం దళిత కుటుంబాలు. పంట చేతికి వచ్చినప్పుడు కళ్లంలో గింజల వాటా, కొన్నిచోట్ల చెరువు కింద కొద్దిపాటి ఇనాం భూమి వారికి ప్రతిఫలం. బిరడా సరిగా కూర్చోనప్పుడు నీరటి నీటిలోకి మునిగి, వరిగడ్డిని, పాతగుడ్డను, బంకమన్నును కలిపి కంత అంచు చుట్టూ కూరవలసి వచ్చేది. ఆ పనిలో ఊపిరి బిగబట్టడం కంటే కష్టమైనది, తెరిచి ఉన్న కంత లాగే బలానికి చెయ్యో కాలో అందకుండా చూసుకోవడం. కంత ఏ వైపున అరిగింది, ఏ కాలంలో కొయ్య ఉబ్బుతుంది, ఏ మోతాదు ఊట మామూలుది, ఏది కట్టకు ముప్పు అన్న జ్ఞానం కాగితం మీదికి ఎక్కకుండానే తండ్రి నుంచి కొడుకుకు అందింది.

ఆ జ్ఞానానికి తగిన గౌరవం దక్కలేదన్నది దాచవలసిన సంగతి కాదు. నిజాం రాజ్యపు చివరి దశాబ్దాలలో దేశముఖుల, జాగీర్దారుల పెత్తనం కింద గ్రామసేవకుల పని అనేక చోట్ల వెట్టిగా, అనగా కూలి లేని బలవంతపు చాకిరీగా మారింది. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ తన పొలం కోసం పోరాడిన పాలకుర్తి నేటి జనగామ జిల్లాలోనివే. భూమి మీద పెత్తనం ఉన్నచోట తూము మీద పెత్తనం లేకుండా ఉండదు గనుక, ఎవరి మడికి ముందు నీరు పోవాలన్నది నీరటి చేతిలో ఉన్న గడకన్నా గడీలో ఉన్న మాటను బట్టి నడిచే స్థితి ఏర్పడింది. 1949లో జాగీర్ల రద్దు, 1955లో తెలంగాణ ప్రాంతపు ఇనాముల రద్దు చట్టం వచ్చిన తరువాత పాత ప్రతిఫలాల పునాది కదిలిపోయింది. నీరటి క్రమంగా చిన్న జీతపు ప్రభుత్వ సేవకుడై, గ్రామ రెవెన్యూ సహాయకుల వర్గంలో కలిసిపోయాడు. 2023లో ఆ వ్యవస్థ కూడా రద్దై, సహాయకులను నీటిపారుదల, మిషన్ భగీరథ, పురపాలక శాఖల వంటి వాటిలో సర్దుబాటు చేశారు.

వాడకం ఆగిన తూముల సంగతి వేరు, అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఆయకట్టు, అనగా చెరువు కింద సాగయ్యే భూమి, మారిపోయినప్పుడు గాని, కొత్త తూము కట్టినప్పుడు గాని, పూడిక పెరిగి పాత కంత మట్టిలో కూరుకుపోయినప్పుడు గాని పాత తూమును వదిలివేస్తారు. వదిలివేయడమూ మూయడమూ ఒకటి కావు. పైన పూడిక కప్పినా కట్ట అడుగున కాలువ బోలుగానే ఉంటుంది. బిరడా కుళ్లిన తరువాత నీరు ఆ బోలులోకి చేరి, రాళ్ల సందుల నుంచి మట్టి రేణువులను కొంచెం కొంచెంగా కడుక్కుపోతూ, కట్టలో లోపలినుంచి బిలం తొలుస్తుంది. ఏళ్ల తరబడి కట్ట పైన ఏ గుర్తూ కనిపించకపోవచ్చు; పెద్దవాన వచ్చి చెరువు నిండిన రాత్రి అక్కడే గండి పడుతుంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను లెక్కించినప్పుడు, కట్ట నుంచి నీరు ఊరడాన్ని దోషాలలో చేర్చింది. పాత తూమును మూయడానికి నేటి ఇంజనీర్లు పాటించే సూత్రం కాకతీయ శిల్పి పాటించినదే: ముందు నీటి వైపున కంతను కాంక్రీటుతో మూసి, ఆ తరువాత కాలువ పొడవునా బోలు మిగలకుండా సిమెంటు పాలు ఎక్కించడమో, సాధ్యమైనచోట కట్టను తవ్వి కాలువను పూర్తిగా తీసివేసి బంకమన్నుతో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి తిరిగి నింపడమో చేస్తారు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో పూడికతీతకు దక్కినంత ప్రచారం తూముల మరమ్మతుకు దక్కలేదు గాని, చెరువు ఆయుష్షును పెంచేది ప్రధానంగా ఈ రెండవదేనని చెప్పవలసి ఉంటుంది.

ఇనుప గొట్టం ఈ సీమకు రైలుతో దగ్గరైంది. నిజాం రైలుమార్గం 1889 నాటికి వరంగల్లు మీదుగా బెజవాడ దాకా పూర్తయింది. జనగామ, మహబూబాబాద్ ఆ దారిలోని స్టేషన్లు, డోర్నకల్ ఇల్లెందు బొగ్గు గనుల వైపు శాఖ చీలిన జంక్షన్. ఆవిరి ఇంజనుకు దారిపొడవునా నీరు కావాలి గనుక, ఎత్తైన ట్యాంకు, అందులోంచి దిగిన గొట్టం, దానిని ఆపే ఇనుప కవాటం రైలుతో పాటే వచ్చిన పరికరాలు. ఇళ్లలో వాడే నల్లా చరిత్ర దీనికి సమాంతరమైనది: ఇంగ్లండులోని రోథర్‌హామ్ పట్టణంలో 1845లో మరతిప్పే నల్లాకు పేటెంటు దక్కింది. అందులో మర తిరిగిన కొద్దీ కిందికి దిగే కడ్డీ, దాని కొనకు అమర్చిన మెత్తని బిళ్ల, అనగా వాషర్, రంధ్రాన్ని అదిమి మూస్తుంది. కడ్డీ, కొన, కంత అనే మూడు అంగాలను బట్టి చూస్తే ఇది చెరువు బిరడాయే. కాని ఒక్క ముఖ్యమైన తేడా ఉన్నది. చెరువులో నీరు మూతను కంతలోకి నొక్కుతుంది, మరతిప్పే నల్లాలో నీరు కింది నుంచి వచ్చి మూతను పైకి తోస్తుంది. అందువల్ల బిరడా అరిగినా నీటి బరువుతో నిలుస్తుంది, వాషర్ అరిగితే నీటి బలంతోనే కారుతుంది. నల్లా మూసినంత మాత్రాన నీటి దారి మూసినట్టు కాదన్న మాటకు ఆధారం ఈ తేడాయే.

గొట్టపు నీరు ఇంటింటికీ చేరడానికి ముందు జనగామ మెట్టలో ఆశంతా బోరుబావుల మీద పెట్టుకున్న కాలం గడిచింది. ఒక బోరు ఎండితే పక్కన మరొకటి వేయడం, ఎండినదాని కేసింగు పైపును పీకి మరోచోట వాడుకోవడం, మిగిలిన కంతను అట్లాగే వదిలివేయడం తెలుగునాట అనేక మెట్టప్రాంతాల్లో జరిగిన పని. ఆ కంతలలో చిన్నపిల్లలు పడి చనిపోయిన ఘటనలు దేశమంతటా వరుసగా జరిగిన తరువాత సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం వాడకంలో ఉన్న బోరు మీద ఉక్కు పలకను వెల్డింగు చేయాలి, లేదా కేసింగుకు నట్లు, బోల్టులతో గట్టి మూత బిగించాలి. వదిలివేసిన బోరును అడుగునుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో నింపాలి. పైన మూత పెడితే సరిపోదు, బోలును నింపితేనే మూసినట్టని న్యాయస్థానం చెప్పిన నియమమూ, పాత తూము కాలువను నింపవలసిన నియమమూ ఒక్కటే. ఈ నియమం పాటించకపోవడం వల్ల పోయినవి పసిప్రాణాలు గనుక, దీనిని సాంకేతిక వివరంగా మాత్రమే చూడడం తగదు.

2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ గోదావరి, కృష్ణా నీటిని శుద్ధిచేసి గ్రామాలలో మనిషికి రోజుకు 100 లీటర్లు, పురపాలక పట్టణాలలో 135 లీటర్లు అందించే లక్ష్యంతో సాగింది. దానితో ఊరి నీటి వ్యవస్థలో తూముల సంఖ్య ఒక్కసారిగా మారిపోయింది. ఊరికి రెండుమూడు తూములు, ఒక నీరటి ఉన్న చోట నేడు గడప గడపకూ ఒక నల్లా, ఇంటి లోపల మరికొన్ని, వాటిని చూసే బాధ్యత ఎవరికి వారిదే. ఉప్పునీటి కోసం, ఫ్లోరైడు నీటి కోసం ఒకప్పుడు గోడకు బిగించిన నీటిశుద్ధి యంత్రం, అద్దెకున్నవారు తీసుకుపోయిన వాషింగ్ మెషిన్, మార్చిన గీజరు, వీటన్నిటి వెనుక గోడలో ఒక్కొక్క కవాటం మిగిలిపోతుంది. దీనిని పనివారు యాంగిల్ కాక్ అంటారు. గోడలోంచి వచ్చిన గొట్టపు నీటిని పక్కకు మళ్లించి యంత్రపు పైపుకు అందించే చిన్న నల్లా ఇది. ఇంటి పైనున్న ట్యాంకు ఆ కవాటానికి ఆరు మీటర్ల ఎత్తున ఉంటే, దాని నోటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు మోపే ఒత్తిడి ఆరు మీటర్ల చెరువు అడుగున ఉన్నంతే.

భద్రమైన మూసివేత ఇక్కడ కూడా నీటి వైపు నుంచే మొదలుకావాలి. ముందు ట్యాంకు దగ్గరి పెద్ద కవాటాన్ని మూసి, కింది నల్లా ఒకటి తెరిచి గొట్టంలోని నీరంతా దించివేస్తారు. దీనివల్ల పనిచేసేటప్పుడు ఒత్తిడి ఉండదు, పాత మర విరిగినా ఇల్లు తడవదు. వాడని కవాటాన్ని మూసి ఊరుకుంటే అది ఒంటరి కాపలాదారు అవుతుంది: లోపలి వాషర్ గట్టిపడుతుంది, ఉప్పునీరున్న చోట గార పేరుకుంటుంది, సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా రోజుకు నాలుగు లీటర్లకు పైగా పోతుంది. అందుకే కవాటం నోటికి మర ఉన్న మూతను, పనివారు ఎండ్ క్యాప్ లేదా డమ్మీ అనే దానిని, బిగించడం రెండవ రక్ష. పూర్వం మర సందులను నూలుపోగు చుట్టి, సఫేదా అనే తెల్లరంగు ముద్ద పూసి మూసేవారు. 1938లో కనుగొన్న టెఫ్లాన్ పదార్థంతో చేసిన పలుచని టేపు దాని స్థానంలోకి వచ్చింది. ఆ టేపును మర తిరిగే దిశలోనే నాలుగైదు చుట్లు లాగి చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు పోగు విప్పుకుపోతుంది. యంత్రపు పైపు బిగించే నోటిలో అడుగున రబ్బరు బిళ్ల కూర్చునే రకమైతే టేపు పని లేదు, కొత్త బిళ్ల వేస్తే చాలు. ప్లాస్టిక్ గొట్టానికి అతికిన ఇత్తడి మరను పానాతో అతిగా బిగిస్తే గోడలోని అతుకు పగిలి, కనిపించే కారుడు ఆగి కనిపించని ఊట మొదలవుతుంది. నీరు తిరిగి వదిలిన తరువాత పొడి కాగితాన్ని మూత చుట్టూ ఆనించి చూడడం, మరునాడు మళ్లీ చూడడం పనిలో భాగమే.

ఆ యంత్రం ఇక ఎన్నటికీ అక్కడ పెట్టబోరని తేలితే, మూతతో ఆగకుండా ప్రధాన గొట్టం నుంచి ఆ కొమ్మ చీలిన చోటనే దానిని కోసి మూయడం మేలు. రెండు వైపులా పారుదల లేని గొట్టపు ముక్కలో నీరు నెలల తరబడి కదలక నిలిచిపోతుంది; 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా హోటలులో ప్రబలి, మరుసటి సంవత్సరం దాని కారకాన్ని గుర్తించిన లీజనేర్స్ వ్యాధి సూక్ష్మజీవులు ఇటువంటి నిలవనీటిలో, ముఖ్యంగా గోరువెచ్చని నీటిలో పెరుగుతాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కోసి మూయడం వీలుకాని ఇళ్లలో ఆ మూసిన కొమ్మ గోడలో ఏ ఎత్తున, ఏ దిశలో పోతున్నదో ఇంటి కాగితాలతో పాటు ఒక గీత గీసి ఉంచడం, ఇల్లు చేతులు మారినప్పుడు దానిని అప్పగించడం అవసరం. నీటిపారుదల శాఖ ఒక్కొక్క చెరువుకు తూముల స్థానాలు, మట్టాలు రాసి ఉంచే పద్ధతి వంటిదే ఇది, ఎందుకంటే మూసిన గొట్టంలోనూ ఒత్తిడి ఉంటుందని తెలియని మనిషి గోడకు మేకు కొట్టేది సరిగ్గా అక్కడే కావచ్చు.